ఫోర్ వీల్ లివర్ బిగుసుకుపోతే

పాత మహీంద్రా జీపు, మారుతి జిప్సీ నడిపేవాళ్ళు ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంపే ఫోర్ వీల్ లివర్ ఆ స్థానంలోంచి బయటికి రావట్లేదని బలమంతా పెట్టి లాగుతుంటారు. దయచేసి అలా లాగకండి, లోపల గేర్లను జరిపే ఫోర్క్ వంగే ప్రమాదం ఉంది.

ఈ బళ్ళలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్, అంటే రెండింటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఒత్తిడంతా గేర్ల మీద నిలిచిపోతుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి కొద్ది దూరం రివర్స్ పోనివ్వండి. ఆ బిగువు వదిలాక, క్లచ్ నొక్కి లాగితే లివర్ తేలిగ్గా వచ్చేస్తుంది. లో రేంజ్ (తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు బలం ఇచ్చే గేర్) మాత్రం బండి పూర్తిగా ఆగాకే వేయండి.

ఇంకోటి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చేటప్పుడు మొదట పైన ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూశాకే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పండి. తుప్పు పట్టి పైది రాకపోతే బండి ఆయిల్ లేకుండా అక్కడే నిలబడిపోతుంది. గేర్‌బాక్స్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా చూడమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.