ప్రాక్సీకి ఎక్కువ అవుట్‌గోయింగ్ ఐపీలు కావాలా? దరఖాస్తు ఎలా పెట్టాలి, వచ్చాక ఏం చెయ్యాలి

స్క్విడ్ లాంటి ప్రాక్సీలో (మన కంప్యూటర్ల తరఫున ఇంటర్నెట్‌కి వెళ్ళే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఒక్కో గ్రూపు ట్రాఫిక్‌ని ఒక్కో ఐపీ నుంచి బయటికి పంపడం కాన్ఫిగ్‌లో నాలుగైదు లైన్ల పని, అసలు టైం పట్టేది ఆ ఐపీలు తెచ్చుకోవడానికే. చాలామంది ముందు ఫామ్ నింపేసి ప్లాన్ తర్వాత చూద్దాంలే అనుకుంటారు, తీరా "ఇన్ని అడ్రెస్‌లు ఎందుకు" అన్న గడి దగ్గర దరఖాస్తు వెనక్కి వచ్చేస్తుంది.

అందుకే ముందు ఒక టేబుల్ రాసుకోండి. స్టాఫ్ ఏ ఐపీ నుంచి పోవాలి, గెస్ట్ వైఫై ఏ ఐపీ నుంచి, మన ఐపీని వైట్‌లిస్ట్ చేసిన (అంటే లోపలికి రానిచ్చే లిస్ట్‌లో పెట్టుకున్న) పార్ట్‌నర్ సర్వర్లకి వెళ్ళే ట్రాఫిక్ ఏ ఐపీ నుంచి, ఇప్పుడు ఎన్ని కావాలి, ఏడాది తర్వాత ఎన్ని. ఈ టేబులే దరఖాస్తులో కారణం అవుతుంది, రేపు కాన్ఫిగ్ కూడా ఇదే. ఏదో సైటు పెట్టిన లిమిట్ దాటడానికి ఐపీలు మారుస్తాం అని రాస్తే మాత్రం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఎవరికి పెట్టాలి అంటే, కావాల్సింది పదీ ఇరవై అయితే మీ ఇంటర్నెట్ ప్రొవైడర్‌కే. /29 అనే సైజు బ్లాక్ (వరసగా ఉండే అడ్రెస్‌ల గుంపు) అడిగితే 8 అడ్రెస్‌లు, అందులో నెట్‌వర్క్ తన పనికే వాడుకునే నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్, గేట్‌వే అడ్రెస్‌లు పోగా మామూలుగా 5 మిగులుతాయి, /28 అయితే 13. సంస్థ వివరాలు, టెక్నికల్ కాంటాక్ట్, అబ్యూజ్ కాంటాక్ట్ (మన ఐపీల మీద కంప్లైంట్లు వచ్చే చోటు) అడుగుతారు. అబ్యూజ్ మెయిల్ దగ్గర ఎవరూ చూడని ఐడీ ఇవ్వొద్దు, కంప్లైంట్‌కి జవాబు రాకపోతే కనెక్షన్ ఆపేసే ప్రొవైడర్లు ఉన్నారు. రివర్స్ డీఎన్ఎస్ పేర్లు (ఐపీని వెతికితే కనిపించాల్సిన పేర్లు) కూడా అప్పుడే ఇచ్చెయ్యండి, ఇంకా ఇచ్చే బ్లాక్ ఏదో ముందే చెప్పించుకుని బ్లాక్‌లిస్ట్‌లలో ఉందేమో చూసుకోండి, ఎందుకంటే పాతవాళ్ళు స్పామ్ పంపి పాడుచేసిన ఐపీ చేతికొస్తే ఇంత కష్టమూ వేస్ట్.

సొంత బ్లాక్ కావాలంటే రీజనల్ రిజిస్ట్రీకి (ఒక్కో ప్రాంతంలో ఐపీ అడ్రెస్‌లు పంచే సంస్థ) పెట్టాలి. ప్రపంచం మొత్తానికి ఇవి 5: ఏపీనిక్, ఆరిన్, రైప్ ఎన్‌సీసీ, లాక్‌నిక్, అఫ్రినిక్. మెంబర్‌షిప్, సంస్థ చట్టబద్ధంగా ఉందన్న ప్రూఫ్, అగ్రిమెంట్, ఫీజు అన్నీ ఉంటాయి. ఐపీవీ4కి (పాత రకం అడ్రెస్‌లు) కటకట ఎక్కువ, ఈ రిజిస్ట్రీలకి అడ్రెస్‌లు ఇచ్చే ఐయానా దగ్గర ఫ్రీ పూల్ 2011 ఫిబ్రవరి 3నే అయిపోయింది, రైప్‌లో 2019 నవంబర్ 25న అయిపోయి ఇప్పుడు వెయిటింగ్ లిస్ట్ నడుస్తోంది. /24 (256 అడ్రెస్‌లు) కన్నా చిన్న బ్లాక్‌ని బయట రూటర్లు చాలావరకు తీసుకోవు, కాబట్టి ఆరు ఐపీల కోసం ఈ దారి పట్టడం అనవసరం. కొత్త రకం అయిన ఐపీవీ6 మాత్రం ఎవరి దగ్గరైనా తప్పకుండా అడగండి.

ఐపీలు వచ్చాక ముందు వాటిని సర్వర్ ఇంటర్‌ఫేస్‌కి యాడ్ చెయ్యాలి, అది లేకుండా స్క్విడ్‌లో రాస్తే కనెక్షనే వెళ్ళదు. తర్వాత టేబుల్‌లో ఉన్న ఒక్కో గ్రూపుకి ఒక ఏసీఎల్ (ఆ గ్రూపు ట్రాఫిక్‌ని గుర్తుపట్టే రూల్) రాసి, దాన్ని టీసీపీ అవుట్‌గోయింగ్ అడ్రెస్ (tcp_outgoing_address) అనే కాన్ఫిగ్ డైరెక్టివ్‌తో ఐపీకి కలపాలి. పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదట ఏ లైన్ మ్యాచ్ అయితే అదే వాడుతుంది, అందుకని అందరికీ వర్తించే లైన్ చివర్లో ఉండాలి. ఐపీవీ4 అడ్రెస్ నుంచి ఐపీవీ6 సైటుకి వెళ్ళలేం కాబట్టి ప్రతి గ్రూపుకీ ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి, రెండు లైన్లు రాయండి.

ఇక్కడ ఎక్కువమంది ఇరుక్కునేది ఒకటుంది. సర్వర్ వైపు పర్సిస్టెంట్ కనెక్షన్లు (ఒకసారి సైటుకి తెరిచిన కనెక్షన్‌ని మూసెయ్యకుండా మళ్ళీ వాడుకోవడం) ఆన్‌లో ఉంటే, స్టాఫ్ కోసం తెరిచిన కనెక్షన్‌ని స్క్విడ్ మళ్ళీ గెస్ట్‌కి వాడేస్తుంది, అప్పుడు గెస్ట్ రిక్వెస్ట్ స్టాఫ్ ఐపీ నుంచి పోతుంది, లాగ్ చూస్తే ఒకసారి కరెక్టు ఒకసారి తప్పు, ఎందుకో అర్థం కాదు. క్లయింట్‌ని బట్టి ఐపీ మార్చేటప్పుడు ఆ ఆప్షన్ ఆఫ్‌లో పెట్టండి, స్పీడ్ కొంచెం తగ్గినా పర్లేదు.

ఐపీలు ఇద్దరు ప్రొవైడర్ల నుంచి వచ్చినవైతే సోర్స్ అడ్రెస్‌ని బట్టి రూటింగ్ రూల్స్ కూడా పెట్టాలి, లేకపోతే ఒకరి ఐపీతో ఉన్న ప్యాకెట్ ఇంకొకరి లైన్‌లోకి పోయి అక్కడ ఫిల్టర్‌లో పడిపోతుంది. అన్నీ అయ్యాక కాన్ఫిగ్‌ని పార్స్ చేయించి (అంటే రాసిన దాంట్లో తప్పులున్నాయేమో స్క్విడ్‌తోనే చెక్ చేయించి), రీలోడ్ చేసి, ఒక్కో గ్రూపు మెషిన్ నుంచి ఐపీ చూపించే పేజీ తెరిచి టేబుల్‌తో సరిపోయిందో లేదో చూడండి, గెస్ట్‌దీ స్టాఫ్‌దీ ఒకేసారి తెరిచి మరీ చూడండి.