గ్రామసభలో మీ వీధి సమస్యని తీర్మానం పుస్తకంలోకి ఎక్కించడం ఎలా?

మా బజారు సైడు కాలువతో మొదలుపెట్టి అంగన్‌వాడీ దగ్గర చేతి పంపు, శ్మశానం దారి, చెరువు గట్టు మీద లైట్లు, ఇలా పదేళ్ళకి పైగా గ్రామసభలకి వెళ్తూనే ఉన్నాను, పక్కూళ్ళ వాళ్ళు పిలిస్తే వాళ్ళ అర్జీలు కూడా రాసిపెడుతున్నాను. అన్నిచోట్లా ఒకటే తంతు. జనం వస్తారు, గొంతు చించుకుంటారు, సర్పంచ్ గారు "చేద్దాం లెండి" అంటారు, అందరూ రిజిస్టర్లో సంతకాలు పెట్టి టీ తాగి ఇళ్ళకి పోతారు. ఆర్నెల్లయ్యాక కాలువ సంగతేంటండీ అని అడిగితే "తీర్మానంలో లేదు కదండీ" అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే, తీర్మానంలో లేదు. దగ్గరుండి రాయించుకున్నవాళ్ళు లేరు కాబట్టి లేదు. ఇది చూసీ చూసీ విసుగొచ్చి ఈ పద్ధతంతా ఒక్కచోట రాస్తున్నాను. ఆంధ్రలో జరిగే తీరు చెప్తున్నా, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వేరే కానీ పుస్తకం సంగతి రెండుచోట్లా ఒకటే.

కావాల్సినవి

నాలుగు తెల్ల కాగితాలు, నీలం పెన్ను, 30 మీటర్ల టేపు, ఫొటోలు తీసే ఫోను, మీ వీధిలో కనీసం పది ఇళ్ళవాళ్ళు. అర్జీ చేత్తోనే రాయాలి. టైపు చేయించిన అర్జీ ఏదో సంఘం వాళ్ళు ఇచ్చినట్టుంటుంది, చేత్తో రాసింది ఊళ్ళో మనిషి ఇచ్చినట్టుంటుంది.

మొదట ఆ పని ఎవరిదో కనుక్కోండి

ఇది చాలా తేలిక, అయినా చెయ్యరు. ఊరి మధ్యలోంచి పోయే రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళదైతే దాని పక్క కాలువ పంచాయతీ సొంతంగా తవ్వలేదు. కరెంటు స్తంభం, తీగలు డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) వాళ్ళవి, వాటికి 1912కి ఫోన్ చెయ్యాలి, స్తంభానికి వేలాడే వీధి లైటు మాత్రం పంచాయతీది. పంట కాలువైతే ఇరిగేషన్. పంచాయతీ కార్యదర్శిని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. గ్రామ సచివాలయంలో ఉండే ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కి ఇంకా బాగా తెలుస్తుంది.

కొలతలు, అర్జీ

టేపు పట్టుకుని కొలవండి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎన్ని మీటర్లు, ఎన్ని ఇళ్ళు, నీళ్ళు ఎటు పారాలి, చివరికి ఎక్కడ కలవాలి. చివరిది మర్చిపోతే కాలువ కట్టాక మురుగంతా ఇంకొకళ్ళ గుమ్మం ముందు చేరుతుంది, అప్పుడు వీధికీ వీధికీ గొడవ. ఫొటోలు వర్షం పడ్డ మర్నాడు తీయండి.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక అర్జీలో ఒకే సమస్య. కాలువ, లైటు, కుక్కలు, రేషన్ కార్డు అన్నీ ఒకే కాగితం మీద రాస్తే ఏదీ ముందుకి కదలదు, ఎందుకంటే ఒక్కోటి ఒక్కొక్కరి దగ్గరికి పోవాలి. రెండు కాపీలు రాసి ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తారీఖు వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే లెక్క.

సభకి కనీసం వారం ముందు ఇవ్వండి, ఇచ్చేటప్పుడే "ఇది అజెండాలో పెట్టండి" అని అడగండి. ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26, ఏప్రిల్ 24 తేదీల్లో చాలా ఊళ్ళలో సభలు పెడతారు. ఏప్రిల్ 24 ఎందుకంటే 73వ రాజ్యాంగ సవరణ 1993లో ఆ రోజునే అమల్లోకి వచ్చింది, గ్రామసభ అనే మాట రాజ్యాంగంలోకి ఎక్కింది దాంతోనే. తెలంగాణ వాళ్ళకైతే కనీసం రెండు నెలలకోసారి సభ పెట్టాలని చట్టంలోనే ఉంది. నన్నడిగితే అన్నిటికంటే అక్టోబరు 2 సభ ముఖ్యం, వచ్చే ఏడాది గ్రామ ప్రణాళిక తయారీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, అందులో లేని పనికి తర్వాత డబ్బు వెతకడం చాలా కష్టం. సెప్టెంబరు మూడో వారానికల్లా అర్జీ ఇచ్చెయ్యాలి.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి సర్పంచ్‌ని ట్యాగ్ చేస్తే పనైపోయిందనుకుంటారు. ఇంకొందరు నేరుగా ఎమ్మెల్యే గారింటికి పోతారు, ఆయన ఫోన్ చేసేది మళ్ళీ ఇదే కార్యదర్శికి. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చినా అంతే, అది కలెక్టరేట్ నుంచి మండలానికి, మండలం నుంచి పంచాయతీకి దిగి మీరు అడుగు దూరంలో ఇవ్వాల్సిన బల్ల మీదకే వస్తుంది, ఈలోపు కార్యదర్శికి మీ మీద మనసు విరిగిపోతుంది. సోమవారం అర్జీ చెడ్డదని అనట్లేదు, పంచాయతీలో ముద్ర వేసిన కాగితం చేతిలో ఉన్నాక వెళ్తే దానికి బలం ఉంటుంది, ముందే వెళ్తే ఉండదు.

సభ రోజు

పదిమంది వెళ్ళండి, ఒక్కరే మాట్లాడండి. ఆ ఒక్కరు ఆ వీధిలో ఉండే ఆడమనిషి అయితే మంచిది, మురుగు నీళ్ళు దాటుకుంటూ రోజూ బిందె మోసేది వాళ్ళే కాబట్టి వాళ్ళ మాటలో ఉన్న నిజం ఇంకొకళ్ళ మాటలో రాదు. మూడు నిమిషాలు చాలు. పాత గొడవలు, ఎవరు ఎవరికి ఓటేశారు, ఇవేవీ తేవద్దు. సభలో ముందు వరుస కాదు, పుస్తకం రాసే బల్లకి పక్కన కూర్చోండి, రాసేది కంటికి కనపడాలి.

అసలు కష్టమైన పని: తీర్మానం రాయించడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి, చెడేదంతా ఇక్కడే.

సభ దగ్గర సంతకాలు చేసే చోట్లు రెండుంటాయి. ఒకటి హాజరు, మీరు వచ్చారని. రెండోది తీర్మానాల కింద, రాసినదానికి ఒప్పుకున్నామని. చాలా ఊళ్ళలో రెండూ ఒకే పుస్తకంలో ఉంటాయి, పైగా తీర్మానాలు రాయకముందే సంతకాలు తీసేసుకుంటారు, "మళ్ళీ రాసుకుంటాం లెండి, ఎండలో ఎంతసేపు కూర్చుంటారు" అని మర్యాదగానే చెప్తారు. కార్యదర్శికి నాలుగు పనులుంటాయి, ఆయన్ని తప్పు పట్టడానికి కాదు చెప్పేది. కానీ మా బజారు మొదటిసారి కాలువ అడిగినప్పుడు మేం నలభైమందిమి ఖాళీ పేజీ కింద సంతకాలు పెట్టొచ్చాం. తర్వాత తీసి చూస్తే ఆ పేజీలో వేరే వీధి సిమెంటు రోడ్డు ఉంది, కింద మా నలభై సంతకాలు ఉన్నాయి. నిండు చూలాలు ఒకామె ఆ వానాకాలమే ఆ మురుగులో జారి పడింది. ఆ తర్వాత నుంచి ఖాళీ కాగితం కింద నేను సంతకం పెట్టలేదు, మా వీధిలో ఎవర్నీ పెట్టనివ్వలేదు.

కాబట్టి హాజరు సంతకం పెట్టండి, దానికి అభ్యంతరం లేదు, కానీ పెట్టేముందు ఆ పేజీ పైన "హాజరు" అని, తారీఖు, స్థలం రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే "అన్నా, పైన హెడ్డింగ్ రాసెయ్యండి, అప్పుడు పెడతాం" అని నవ్వుతూ అడగండి. గొంతు పెంచితే పని చెడుతుంది. ఇంకా ఎన్నేళ్ళో ఆయనతోనే పని, ఇది గుర్తుంచుకోండి.

తర్వాత మాటల సంగతి. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "ఫలానా వీధిలో డ్రైనేజీ సమస్యను గ్రామస్తులు తెలియజేయగా పరిశీలించబడును." ఈ వాక్యం వినడానికి బానే ఉంటుంది కానీ దీంట్లో పని లేదు. పరిశీలించేది ఎవరో లేదు, ఎప్పుడో లేదు, ఏం కడతారో లేదు. "పరిశీలించబడును", "తగు చర్యలు తీసుకొనబడును", ఈ రెండు మాటలు ఎక్కడ కనిపించినా అక్కడే ఆపండి. మనకి కావాల్సింది ఇలా ఉండాలి: "3వ వార్డులో రామాలయం నుంచి పెద్ద కాలువ వరకు 120 మీటర్ల సీసీ డ్రెయిన్ నిర్మాణమునకు సభ ఆమోదించడమైనది. ఆర్థిక సంఘం నిధుల నుండి చేపట్టుటకు, అంచనా తయారు చేయించుటకు తీర్మానించడమైనది." అక్కడా ఇక్కడా మీ ఊరి గుర్తులు వేసుకోండి. చోటు, మీటర్లు, ఏ నిధి, తర్వాత చెయ్యాల్సిన పని. ఈ నాలుగూ ఉండాలి, ఒక్కటి లేకపోయినా ఆ తీర్మానాన్ని ఎటైనా లాగొచ్చు. మీటర్లు రాయకపోతే 120 కాస్తా 40 అయి ఎవరో ఒకరి ఇంటి ముందు ఆగిపోతుంది.

నిధి పేరు ఎందుకు అంటున్నానంటే, డబ్బుకి రంగులుంటాయి. 2021-26కి 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం పంచాయతీలకిచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టారు, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, జీతాలకి మాత్రం వాడకూడదన్నారు. మురుగు కాలువ పారిశుధ్యం కిందకొస్తుంది. "నిధులు లేవండీ" అన్నప్పుడు "ఏ నిధులు లేవు, ముడిపెట్టినవా, మామూలువా" అని అడగగలిగితే సంభాషణ మారిపోతుంది. మీ ఊరి ఖాతాలోకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఫోన్లోనే చూడొచ్చు, 2020 నుంచి ఉంది అది, సభకి ముందు రోజు చూసుకుని వెళ్ళండి.

నేను చేసేదేంటంటే, ఆ వాక్యాన్ని ముందే ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళి "ఇలా రాస్తే సరిపోతుందా అండీ" అని కార్యదర్శి చేతికి ఇస్తాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆయన అదే దించేస్తారు, ఎందుకంటే రాసే శ్రమ తగ్గింది. సభలో నిలబడి "ఇలా రాయి, అలా రాయి" అనడం కంటే ఇదే మంచి దారి. కొందరు వీడియో తీస్తూ రాయిస్తారు, దాంతో మనుషులు బిగుసుకుపోతారు, నాకది నచ్చదు, వద్దు.

రాసినదాన్ని పైకి చదివించండి. ఇది అడగడానికి చాలామందికి మొహమాటం. "అందరికీ వినపడేలా ఒకసారి చదవండి" అంటే ఎవరూ కాదనరు. చదివాక చివరి వాక్యం కిందనే సంతకాలు మొదలవ్వాలి, మధ్యలో నాలుగు గీతల జాగా వదిలితే ఆ జాగాలో అడ్డంగా గీత కొట్టించండి. తీర్మానం నెంబరు అడిగి మీ కాగితం మీద రాసుకోండి, పేజీ ఫొటో తీసుకోండి. అక్కడ ఫొటో తీయనివ్వకపోతే గొడవ పడొద్దు, సమాచార హక్కు కింద కాపీ అడగండి. గ్రామ స్థాయిలో దానికి దరఖాస్తు ఫీజు కూడా లేదు, మండలానికైతే 5 రూపాయలు, ఆపైన ఆఫీసులకి 10 రూపాయలు, 30 రోజుల్లో ఇవ్వాలి. నెంబరు, తారీఖు చెప్పి "ఫలానా తీర్మానం నకలు" అని ఒక్క ముక్క అడగండి, చరిత్రంతా అడగొద్దు.

ఎండకి లేచి వెళ్ళిపోవద్దు. మీ అంశం అయిపోయాక కూడా పుస్తకం మూసేదాకా ఇద్దరు కూర్చోండి.

తర్వాత

గ్రామసభ ఆమోదించింది కాబట్టి రేపే తవ్వుతారనుకోవద్దు. వార్డు మెంబర్లు కూర్చునే పాలకవర్గం సమావేశం వేరు, అక్కడ కూడా ఇది పాస్ అవ్వాలి, మీ వార్డు మెంబర్‌కి ముందు రోజు గుర్తు చెయ్యండి. తర్వాత ఇంజనీరింగ్ అసిస్టెంట్ కొలుస్తారు, ఎస్టిమేట్ వేస్తారు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) చూస్తారు. కొలిచే రోజు మీరూ మీ టేపుతో అక్కడ ఉండండి. నెలకోసారి తీర్మానం నెంబరు చెప్పి ఎక్కడిదాకా వచ్చిందో అడగండి, అంతకంటే ఎక్కువసార్లు వెళ్తే విసుక్కుంటారు.

పని మొదలయ్యాక ఒక్కటి చూడండి, కాలువ వాలు. ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు ఎక్కి బిల్లు పెట్టాక సరిచేయించడం చాలా కష్టం, అందుకని సిమెంటు గట్టిపడగానే, బిల్లు పెట్టకముందే, ఎగువ చివర నాలుగు బిందెల నీళ్ళు పోయించండి. ఆ నీళ్ళు ఎక్కడా నిలవకుండా పెద్ద కాలువ దాకా పోయేవరకు పక్కనే నడవండి, ఎక్కడైనా నిలిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి అదే రోజు ఏఈకి చూపించండి.