బండి అమ్మి స్కైడైవింగ్‌కు పోయేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

నిరుడు నవంబరులో నేను ముందు స్కైడైవింగ్ కోర్సుకు అడ్వాన్స్ కట్టాను, తర్వాత పల్సర్‌ను అమ్మకానికి పెట్టాను. కోర్సుకు ఇంకా ఇరవై రెండు రోజులే ఉంది. బండి చూడడానికి వచ్చినవాళ్లకు నా తొందర మొహంలోనే కనిపించేది. ముప్పై ఐదు వేలు చెప్పిన బండి ఇరవై ఆరుకు పోయింది. దాన్ని నేను పెద్ద నష్టంగా లెక్కేయను. సంక్రాంతి వెళ్లాక ఫోనుకు వరుసగా మూడు చలాన్లు వచ్చాయి. లింకు తెరిస్తే ఫోటో. హన్మకొండ చౌరస్తా దగ్గర ముగ్గురు ఒకే బండి మీద, ఒక్కడికీ హెల్మెట్ లేదు. ట్యాంకు మీద మా అమ్మ అతికించిన భద్రకాళి స్టిక్కరు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. బండి వాళ్లది, పేరు నాది.

అందుకే ఈ సీజన్‌లో ఎవరైనా బండి అమ్మి ఆ డబ్బుతో దూకడం నేర్చుకుందామనుకుంటే, ముందు వరస సరిచూసుకోండి. కాగితాలు, అమ్మకం, ఆర్సీలో పేరు మార్పు, ఆఖరికి కోర్సు అడ్వాన్స్. నేను దీన్ని తిరగేశాను.

దూకడానికి మనం పోవాల్సింది ఉత్తరాదికి. అక్కడ అనువైన రోజులు వర్షాలు వెనక్కి పోయాక మొదలై ఎండలు ముదిరేదాకా ఉంటాయి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు కమ్మితే విమానం లేవదు. కాబట్టి ఫిబ్రవరి పెట్టుకుంటే మేలు. ఫిబ్రవరిలో దూకాలంటే బండి దీపావళి ప్రాంతంలోనే అమ్ముడుపోవాలి. మన దగ్గర అప్పటికి పత్తి ఏరడం మొదలై, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిపోయే రైతుల చేతిలో నాలుగు పైసలు ఆడతాయి. పొలానికి పోను పాత బండి కావాలనేవాళ్లు అప్పుడే దొరుకుతారు. దసరా ముందు వారం మాత్రం వద్దు. ఎక్స్ఛేంజ్ బండ్లన్నీ ఒక్కసారే బయటికొస్తాయి కాబట్టి రేటు పలకదు. అమావాస్య, మూఢం అంటే కొనేవాళ్లు మొహం చాటేస్తారు, ఆ రోజులు కూడా చూసుకోండి. మీకు నమ్మకం ఉన్నా లేకున్నా కొనేవాడికి ఉంటుంది.

ఇక కాగితాల సంగతి. ఆర్సీ తీసి ముందు తేదీ చూడండి. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల దాకే చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. ఏపీ 36 నంబరున్న మన పాత బండ్లలో చాలావాటికి ఆ గడువు దాటిపోయింది, లేదా దగ్గర పడింది. గడువు దాటిన బండి పేరు మార్పుకు పోతే ముందు రెన్యూవల్, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ అంటారు. ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ బేరం తెగాక మొదలైతే బేరమే పోతుంది. లోను మీద కొన్న బండైతే ఆఖరి కిస్తీ కట్టి పదేళ్లయినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతుంది. బాకీ లేదని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌వోసీ తెచ్చుకుని, ఫారం 35 పెట్టి తీయించాలి. నా దోస్తు ఒకడికి ఈ ఒక్క పనికే నెలన్నర పట్టింది, ఎందుకంటే లోనిచ్చిన బ్రాంచే వరంగల్‌లో లేకుండా పోయింది.

పేరు మార్పుకు కావలసినవి బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29, పేరు మార్చమని అడిగే ఫారం 30. అసలు మోసం జరిగేది ఇక్కడే. "ఆర్సీ ఎటు పోతదన్నా, నేనే మార్పించుకుంట. నువ్వు సంతకాలు పెట్టియ్యి చాలు" అంటాడు కొనేవాడు. నాకూ అదే మాట చెప్పారు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చాను. ఆ కాగితాలతో బండి ఒకరి నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి పోతుంది. ప్రతి ఒక్కడూ ఫీజు మిగిలిందనుకుంటాడు. ఆర్సీలో పేరు మాత్రం కదలదు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పాల్సింది అమ్మినవాడే. బయటి రాష్ట్రానికైతే 45 రోజులు. కొన్నవాడికి 30 రోజులు. ఆ అన్న వెళ్లి చెబుతాడులే అని ఊరుకుంటే మన బాధ్యత తీరదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. బండి చేతులు ఎన్ని మారినా, ప్రమాదం జరిగిన రోజున ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, నష్టపరిహారం వాళ్ల మీదికే వస్తుంది. ఆ కేసులో బండి మూడు నాలుగు చేతులు మారింది. చివరికి మొదటాయన మీదికే వచ్చింది. నాకు వచ్చింది చలాన్లే కదా అని అప్పట్లో ఏడ్చాను గానీ, ఈ సంగతి తెలిశాక అదృష్టవంతుణ్ణే అనుకున్నాను.

అందుకే కొనేవాణ్ని వెంటబెట్టుకుని, ఒక పూట సెలవు పెట్టి, స్లాట్ బుక్ చేసుకుని ఆర్టీవో ఆఫీసుకు మీరే వెళ్లండి. "బిజీగా ఉన్నన్నా" అంటే బండి కూడా మన వాకిట్లోనే బిజీగా ఉంటుందని చెప్పండి. పాత చలాన్లు ముందే కట్టేయండి, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోండి. ఛాసిస్ నంబరు మీద తుప్పు, గ్రీజు పేరుకుని ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అంకెలు ఆర్సీతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. మా బాపు బండి ఆర్సీలో 8కి బదులు 3 పడింది. పన్నెండేళ్లు ఎవరూ చూడలేదు. ఇన్సూరెన్స్ మార్పించుకోవాల్సింది కొన్నవాడు, దానికి 14 రోజుల గడువు. ఆ మాట గుర్తు చేయడం మాత్రం మన పని.

తాళం ఇచ్చేటప్పుడు సేల్ లెటర్ రెండు కాపీలు రాయండి. తేదీతో పాటు టైము కూడా వేయాలి, "సాయంత్రం 5.40కి బండి అప్పగించాను" అని. అదే రాత్రి ఏడింటికి ములుగు రోడ్డు మీద ఏదైనా జరిగితే ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. కొన్నాయన ఆధార్ కాపీ, ఫోన్ నంబరు తీసుకోండి. బండి పక్కన ఇద్దరూ నిలబడి ఒక ఫోటో దిగండి. మొహమాటం వద్దు.

డబ్బు విషయంలో రెండే మాటలు. ఆన్‌లైన్‌లో పెట్టగానే "నేను ఆర్మీలో ఉన్నా, బండి చూడకుండానే తీసుకుంటా, క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అని ఫోను వస్తుంది. డబ్బు రావడానికి మనం పిన్ కొట్టే పని ఉండదు. పిన్ అడిగితే అది మన ఖాతాలోంచి పోవడానికే. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రెండోది స్క్రీన్‌షాట్. దాన్ని నమ్మకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూశాకే తాళం ఇవ్వండి. ట్రయల్‌కు ఇస్తే వెనక మీరు కూర్చోండి, లేదా ఆయన వచ్చిన బండి తాళం మీ జేబులో పెట్టుకోండి.

వచ్చిన డబ్బు దేనికి సరిపోతుందో కూడా ముందే లెక్కేసుకోవాలి. మన దగ్గర దూకే చోటు లేదు. నిజాం కాలంనాటి మామునూరు రన్‌వే 1981లో మూతపడింది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతిచ్చింది గానీ, విమానాశ్రయం వచ్చినంత మాత్రాన స్కైడైవింగ్ రాదు. దేశంలో హర్యానాలోని నార్నౌల్ లాంటి కొద్దిచోట్లే నడుస్తోంది. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి రోడ్డు. ఇక "లెసన్స్" అనే మాట విని మోసపోవద్దు. ట్రైనర్ మన వీపుకు కట్టుకుని దూకేది టాండెమ్. అది అనుభవమే, చదువు కాదు. విమానానికి కట్టిన పట్టీ దానంతటదే పారాచూట్‌ను తెరిచేది స్టాటిక్ లైన్. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పక్కన పట్టుకుని ఉండగా మనమే పడుతూ, మనమే పారాచూట్ లాగి తెరిచేది ఏఎఫ్‌ఎఫ్ (యాక్సిలరేటెడ్ ఫ్రీ ఫాల్). అందులో ఏడెనిమిది లెవెళ్లుంటాయి. అమెరికా పారాచూట్ సంఘం మొదటి లైసెన్సు ఇవ్వాలంటే కనీసం 25 సార్లు దూకి ఉండాలి. పాత పల్సర్ డబ్బుతో లైసెన్సు రాదు, మొదటి మెట్టు ఎక్కుతారంతే.

ఫీజు కట్టే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. ఒక లెవెల్ తప్పితే మళ్లీ దూకడానికి ఎంత? నేను మూడో లెవెల్ తప్పాను. ఒళ్లు విల్లులా వంచాల్సింది పోయి కాళ్లు ముడుచుకుని తిరగలిలా తిరిగాను. రెండోసారికి విడిగా కట్టాల్సి వచ్చింది. గాలి ఎక్కువుండి మూడు రోజులు ఊరికే కూర్చున్నందుకు లాడ్జి బిల్లు వేరే. వాతావరణం బాగోక ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. పరికరాల గురించి అడగడానికి సిగ్గుపడొద్దు. ప్రతి విద్యార్థి బ్యాగులో ఏఏడీ ఉందా అని అడగండి. తక్కువ ఎత్తులో ఇంకా వేగంగా పడుతుంటే రిజర్వ్ పారాచూట్‌ను, అంటే అత్యవసరానికి ఉంచిన రెండోదాన్ని, దానంతటదే తెరిచే చిన్న యంత్రం అది. రిజర్వ్‌ను ఆఖరిసారి ఎప్పుడు మడిచారో కార్డు మీద రాసి ఉంటుంది, చూపించమనండి. చూపించడానికి విసుక్కునేచోట దూకకండి.

పొట్ట నేల వైపు ఉంచి పడితే వేగం గంటకు 200 కిలోమీటర్ల దాకా పోతుంది. వెయ్యి అడుగులు ఐదారు సెకన్లలో అయిపోతాయి. అందుకే విద్యార్థులు ఐదు వేల అడుగులకు అటూఇటూగానే లాగాలంటారు. ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో 2,500 అడుగుల ఎత్తుకు దిగేలోపే తేల్చుకోవాలి. ఎత్తు చూపించే ఆల్టిమీటర్‌ను చూడడం బండి మీద అద్దం చూసినట్టు అలవాటు కావాలి. పారాచూట్ బాగానే తెరుచుకున్నాక ధీమా వచ్చి, నేలకు దగ్గరగా మలుపు తిప్పి కాళ్లు విరగ్గొట్టుకునేవాళ్లూ ఉంటారు. కింద మలుపులొద్దు, మోకాళ్లు రెండూ దగ్గరికి పెట్టి దిగాలి.

భుజం ఎప్పుడైనా జారి ఉంటే ముందే చెప్పండి, దాచకండి. జలుబుంటే దూకొద్దు, చెవులు పగిలినంత నొప్పి వస్తుంది. రైల్లో ఏసీ కింద పడుకుని పోయి జలుబు తెచ్చుకోవడం మనవాళ్లకు మామూలే. మంకీ క్యాప్ పెట్టుకోండి, ఎవరు నవ్వినా. ఇన్సూరెన్స్ పాలసీలో సాహస క్రీడలకు వర్తించదని చాలా చోట్ల చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఇంట్లో కూర్చుని చదవండి.

ఇంట్లో చెప్పాలా వద్దా అంటే చెప్పాలి. నేను చెప్పకుండా పోదామనుకున్నాను. కానీ వాకిట్లో బండి లేకపోయేసరికి అమ్మకు అనుమానం వచ్చింది. "బండి అమ్ముకుని పైనుంచి దుంకుడేంది బిడ్డా, కిందికి రానీకి ఇన్ని పైసలా" అంది. బాపు మాత్రం ఒకటే అడిగాడు, "రెండో తాళం ఇచ్చినవా?" ఇవ్వలేదు. ఇప్పటికీ అది అల్మరాలోనే ఉంది. చలాన్ల గొడవ తేల్చుకోవడానికి కొన్నాయన ఊరు నర్సంపేట వైపు వెతుక్కుంటూ వెళ్లినప్పుడు, అదీ జేబులో వేసుకునే పోయాను. ఆయన లేడు. బండి వేరేవాళ్లకు అమ్మేశాడట.