ముసలి కుక్కకి ఉన్నట్టుండి నొప్పొస్తే ఏం చూడాలి, ఏం ఇవ్వకూడదు

నిన్నటిదాకా గేటు చప్పుడైతే ఉరికిన కుక్క ఇవాళ లేవకపోతే ఇంట్లో మొదట వినపడే మాట "వయసైపోయింది కదబ్బా" అని. వయసుకైతే మెల్లమెల్లగా తగ్గుతాది గానీ రాత్రికి రాత్రే ముట్టుకుంటే కుయ్యోమనదు. దీనికేదో కారణం ఉంటాది, అది తేల్చేది డాక్టరు, అంతదాకా ఇంకా చెడగొట్టకుండా చూడ్డమే మన పని.

అన్నిటికంటే ముందు, మీ మాత్రల డబ్బా జోలికి పోవద్దు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏదైనా సరే, అరమాత్రే కదా అని పెరుగన్నంలో కలిపి పెట్టేస్తారు, వాటితో కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలైనా లివరైనా దెబ్బతినొచ్చు, పైగా అది వేశాక డాక్టరు కుక్కలకిచ్చే నొప్పి మందు వెంటనే ఇవ్వడానికి కూడా ఉండదు. ఇప్పటికే వేసేసుంటే దాచకుండా చెప్పేయండి, మెడికల్ షాపోళ్ళు స్టెరాయిడ్ ఇచ్చుంటే అదీ చెప్పాలి, ఆ రెండు రకాలూ కలిస్తే కడుపులో రక్తం పోయే ప్రమాదం ఉంది. నూనె రాసి పిసకడం కూడా వద్దు, ఎముక విరిగిందో వెన్నుపూస జరిగిందో మనకేం తెలుసు.

తర్వాత పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. కొన్ని నాటు కుక్కలకి చిగుళ్ళు నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల చూస్తే తెలుస్తాది. తెల్లగా పాలిపోయి కూలబడిపోతే లోపల రక్తం కారుతున్నట్టే అనుకుని బయల్దేరండి. పొట్ట బిగుసుకుపోయి వాంతికొచ్చినట్టు చేస్తా ఏమీ పడకపోయినా, వెనక కాళ్ళు ఈడుస్తా ఉన్నా, ఉచ్చ రాక ముక్కుతా ఉన్నా తెల్లారేదాకా ఆగే పని లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్క హీటు (ఎద) అయిన నెలా రెండు నెలల్లో నీళ్ళు తెగ తాగుతూ డల్‌గా పడుంటే గర్భసంచిలో చీము పట్టుండొచ్చు, అదీ అర్జెంటే. కుంటుతుంది గానీ తింటోంది, తోక ఊపుతోంది అంటే పొద్దున్నే తీసుకెళ్ళినా పర్లేదు.

ఎత్తేటప్పుడు జాగ్రత్త, నొప్పిలో ఉన్న కుక్క పెంచినోళ్ళనైనా కరుస్తాది. మెత్తటి గుడ్డతో మూతి కట్టండి, వాంతులవుతున్నా ఆయాసపడుతున్నా మాత్రం కట్టకూడదు. పెద్ద కుక్కైతే దుప్పటి మీదికి జరిపి ఇద్దరు చెరో వైపు పట్టుకోండి. కరిచిందంటే సబ్బుతో పావుగంట కడిగి రుయాకి (తిరుపతి సర్కారు ఆస్పత్రి) పోవాల్సిందే, మన ఇంటి కుక్కేలే అనుకోవద్దు. మే నెల ఎండలో ఆటోలో పోతుంటే తడిగుడ్డా నీళ్ళూ పెట్టుకోండి.

తిరుపతిలో ఉన్నోళ్ళకి 1955 నుంచి ఉన్న వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి పెద్ద అదృష్టం, ఓపీ టైమింగ్స్ మాత్రం ముందే కనుక్కోండి, రాత్రిపూట చూసే ప్రైవేటు డాక్టరు నంబరు కూడా ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కుంటేటప్పుడు వీడియో తీసి తీసుకెళ్ళండి, ఎందుకంటే ఆస్పత్రి గుమ్మం తొక్కంగానే భయానికి కొన్ని కుక్కలు కుంటడం మానేస్తాయి! ఎప్పుడు మొదలైంది, ఏం తినింది, ఉచ్చా దొడ్డీ ఎప్పుడు పోయింది ఇవి చెప్తే చాలు, జబ్బు పేరు మనం చెప్పక్కర్లేదు. ఎక్స్‌రే, రక్త పరీక్ష రాస్తే డబ్బు కోసం రాశారనుకోకండి, ముసలిదానికి కిడ్నీ ఎట్లుందో చూడకుండా నొప్పి మందు ఇవ్వడమే తప్పు. గోమార్లు ఉన్న కుక్కైతే టిక్ ఫీవర్ (గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) కూడా చూడమనండి, దానికీ కీళ్ళ నొప్పులొస్తాయి.

ఇంటికొచ్చాక టైల్స్ మీద జారకుండా గోతాలో పాత మ్యాట్లో పరవండి, మెట్లు ఎక్కనివ్వద్దు. మాత్ర తిండితోనే పెట్టాలి, వాంతులైనా దొడ్డి నల్లగా తారులా వచ్చినా ఆపేసి ఫోన్ చేయండి. రెండ్రోజులకే లేచి తిరుగుతోందని వాకింగ్‌కి లాక్కుపోవద్దు, అది మందు పనితనం, మళ్ళీ చూపించమన్న రోజు దాకా ఇంట్లోనే ఉంచండి.