అమెరికా పాత జనాభా లెక్కల షీట్లలో సామాజిక విభజనలను చదవడం ఎలా?

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో ఎవరి పక్కన ఎవరు బతికారు, ఎవరికి పౌరసత్వం దక్కింది, ఎవరి ఓటు ఊడింది అన్నవి పాఠ్యపుస్తకాల్లో రెండు పేరాల్లో అయిపోతాయి. ఎన్యూమరేటర్లు (జనాభా లెక్కలు రాసుకునే ఉద్యోగులు) ఇంటింటికీ తిరిగి చేత్తో నింపిన జనాభా లెక్కల షీట్లలో అవే సంగతులు మనుషుల పేర్లతో, ఇంటి నంబర్లతో కనిపిస్తాయి. 72 ఏళ్లు దాటిన షీట్లను బయటపెట్టడం అక్కడి నియమం. ఫ్యామిలీసెర్చ్ అనే వంశ చరిత్ర రికార్డుల సైట్‌లో ఖాతా తెరిస్తే వాటిని ఉచితంగా చూడొచ్చు.

ముందు ఏ సంవత్సరం చూడాలో తేల్చుకోండి. పనికొచ్చేవి 1870, 1880, 1900. 1890 షీట్లు 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడయ్యాయి. మిగిలినవాటిని కూడా దాచకుండా తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది. దక్షిణాది రాష్ట్రాలు నల్లవారి ఓటు లాగేసిన కాలానికి సరిగ్గా ముందూ వెనకా 20 ఏళ్ల ఖాళీ మిగిలిపోయింది. చరిత్ర విద్యార్థికి ఇంతకన్నా పెద్ద నష్టం లేదు. అందుకే 1880లో ఉన్న కుటుంబం 1900లో కనబడకపోతే వలస పోయిందనో, చనిపోయారనో వెంటనే రాసేయకండి.

1870 షీట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. దక్షిణాదిలో బానిసలుగా ఉన్నవారిలో అత్యధికుల పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది అప్పుడే. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరు, దాని కింద వయసు, లింగం, రంగు లాంటి వివరాలే ఉంటాయి, బానిసల పేర్లు దాదాపు ఉండవు. కాబట్టి 1870 నుంచి వెనక్కి వెళ్లాలంటే మనిషి పేరుతో వెతికి లాభం లేదు, యజమాని పేరు పట్టుకోవాలి.

మొదటిసారి చదివేవారికి 1880 షీటు మంచిది. పేజీకి 50 వరుసలు. పైన రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), డిస్ట్రిక్ట్ నంబరు (ఒక ఎన్యూమరేటర్‌కు అప్పగించిన ప్రాంతానిది), ఎన్యూమరేటర్ సంతకం ఉంటాయి. పట్టణమైతే ఎడమ అంచున వీధి పేరు నిలువుగా ఉంటుంది. ముందు 4వ కాలమ్ చూడండి, అది రంగు. డబ్ల్యూ అంటే తెల్లవారు, బి అంటే నల్లవారు, ఎంయు అంటే ములాటో (నల్ల, తెల్ల మిశ్రమ సంతతి), సి అంటే చైనీయులు, ఐ అంటే ఆదివాసులు. ఇది ఆ మనిషి తన గురించి చెప్పుకున్న మాట కాదు, ఎన్యూమరేటర్ కంటికి తోచింది. 1900లో ములాటో గుర్తును తీసేశారు. 1880లో ఎంయు అని ఉన్న మనిషే ఇరవై ఏళ్లకు బి అవుతాడు. ఒకే కుటుంబాన్ని రెండు వేర్వేరు కుటుంబాలుగా లెక్కపెట్టే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

తర్వాత 13వ కాలమ్ (వృత్తి), 22, 23 కాలమ్‌లు (చదవలేరు, రాయలేరు), 24 నుంచి 26 (తన పుట్టుక, తండ్రి పుట్టుక, తల్లి పుట్టుక) కలిపి అడ్డంగా చదవండి. 1880లో 22వ కాలమ్‌లో గీత ఉంటే చదవడం రాదని అర్థం. 1900లో ప్రశ్న తిరగబడింది. అక్కడ అదే 22వ కాలమ్ ‘చదవగలరా’ అని అడుగుతుంది, జవాబు అవును లేదా కాదు. ఈ రెండు సంవత్సరాల షీట్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఇది మరిచిపోతే లెక్కంతా తలకిందులవుతుంది. భార్యల వరుసల్లో వృత్తిని ప్రత్యేకంగా గమనించండి. తెల్ల కుటుంబాల్లో ఎక్కువగా ‘ఇల్లు చూసుకోవడం’ అని ఉంటుంది. దక్షిణాది నల్ల కుటుంబాల్లో అదే చోట పొలం పని, బట్టలు ఉతకడం, వంటపని తరచుగా కనిపిస్తాయి.

చదువు కాలమ్‌ను ఓటు చట్టంతో జతచేసి చూడాలి. మిసిసిపీ 1890 రాజ్యాంగం ఓటు కోసం 2 డాలర్ల పోల్ టాక్స్ (తలపన్ను) పెట్టింది. రాజ్యాంగంలోని ఏదైనా భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి అని కూడా షరతు పెట్టింది. అర్థం సరిగా చెప్పాడో లేదో తేల్చేది తెల్ల అధికారే. లూసియానా 1898లో తాతల నిబంధన తెచ్చింది. 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటుంటే చదువు, ఆస్తి షరతులు వర్తించవు. అక్కడ నమోదైన నల్ల ఓటర్లు 1896లో 1,30,334 మంది, 1900లో 5,320 మంది.

1900 షీట్‌లో వలసదారుల వివరాలు ఎక్కువ. 16 నుంచి 18 కాలమ్‌లు వచ్చిన సంవత్సరం, ఉన్న ఏళ్లు, పౌరసత్వ స్థితి చెబుతాయి. ఏఎల్ అంటే విదేశీయుడు, పీఏ అంటే పౌరసత్వం కోరుతూ మొదటి పత్రాలు తీసుకున్నవాడు, ఎన్ఏ అంటే పౌరసత్వం పొందినవాడు. పౌరసత్వ ప్రశ్న 21 ఏళ్లు నిండిన మగవారికే. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ పేజీలో చైనాలో పుట్టిన వారికి ఏఎల్ కనిపిస్తే వాళ్లకు ఆసక్తి లేదనుకోకండి. 1882 చైనీయుల నిషేధ చట్టం వారికి పౌరసత్వం ఇవ్వొద్దని కోర్టులకు చెప్పింది. అమెరికాలోనే పుట్టిన చైనీయులు పౌరులేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి 13వ కాలమ్‌లో (1900 షీట్‌లో అది పుట్టిన చోటు) కాలిఫోర్నియా అని ఉన్నవారిని విడిగా లెక్కపెట్టండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. చైనీయుల పేర్లలో వరసగా కనిపించే ‘ఆ’ (Ah) ఇంటిపేరు కాదు, చనువుగా పిలిచేటప్పుడు పేరు ముందు చేర్చేది. దాన్ని ఇంటిపేరుగా తీసుకుంటే సంబంధం లేని మనుషులంతా ఒకే వంశం అయిపోతారు.

వలసదారులు ఎక్కువగా ఉన్న న్యూయార్క్ పేట లోయర్ ఈస్ట్ సైడ్ పేజీల్లో తిప్పలు వేరు. పోలండ్ అప్పుడు దేశంగా లేదు కాబట్టి అదే ప్రాంతం వారు జర్మనీ, రష్యా, ఆస్ట్రియాల కింద చెదిరి ఉండొచ్చు. ఈ లెక్కల్లో మతం అడగలేదు. ‘రష్యా’ అని ఉన్నంత మాత్రాన యూదులని గాని, ‘ఐర్లండ్’ అని ఉన్నంత మాత్రాన కాథలిక్కులని గాని రాయకూడదు. చర్చి రిజిస్టర్లో, సమాధుల రికార్డులో దొరికితేనే రాయండి.

ఆదివాసుల విషయంలో షీట్లు చాలా తప్పుదారి పట్టిస్తాయి. పన్ను కట్టని ఆదివాసులను (తెగలతో రిజర్వేషన్లలో బతికేవారిని) 1870, 1880 సాధారణ లెక్కల్లోకి తీసుకోలేదు. కౌంటీ షీట్‌లో ఐ గుర్తు లేకపోతే అక్కడ ఆదివాసులు లేరని కాదు. 1900లో వారికి వేరే షీటు ఉంది. అందులో తెగ పేరు, తెల్ల రక్తం ఎంత భాగం, భూమి కేటాయింపు ద్వారా పౌరసత్వం వచ్చిందా అనే ప్రశ్నలుంటాయి. ఆ చివరి ప్రశ్న, తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసిన 1887 డాస్ చట్టం నుంచి పుట్టింది.

పల్లె ప్రాంతమైతే 1880 వ్యవసాయ షీటు కూడా తెరవండి. రైతు సొంతదారుడా, డబ్బు కౌలా, పంటలో వాటాకు చేస్తున్నాడా అన్నది అందులో వేర్వేరు కాలమ్‌లలో ఉంటుంది. 1900 వ్యవసాయ షీట్లు మిగల్లేదు. ఆ ఏటి జనాభా షీట్‌లో అద్దె పొలం అని మాత్రమే తెలుస్తుంది, వాటా కౌలుదారు వేరుగా తేలడు.

పట్టణమైతే శాన్‌బోర్న్ అగ్నిబీమా మ్యాపులు (బీమా కంపెనీల కోసం ప్రతి కట్టడాన్నీ విడిగా గీసినవి) తోడు పెట్టుకోండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సాధారణంగా అంగుళానికి 50 అడుగుల కొలత. గులాబీ రంగు ఇటుక కట్టడం, పసుపు చెక్క ఇల్లు, డి నివాసం, ఎస్ దుకాణం. కొన్ని చోట్ల ఇంటి మీదే చైనీయులని, నీగ్రో అని రాసి ఉంటుంది. షీటు అంచున ఉన్న వీధి, ఇంటి నంబరు పట్టుకుని మ్యాపు మీద గుర్తులు పెట్టుకుంటూ పోండి. చార్ల్‌స్టన్ లాంటి పాత దక్షిణాది నగరాల్లో పెద్ద వీధి మీద తెల్లవారు, వెనక సందుల్లో నల్లవారు ఉండేవారు. వార్డు మొత్తం శాతాలు చూస్తే అందరూ కలిసే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంటి వరస చూస్తేనే గీత ఎక్కడుందో తెలుస్తుంది.

ప్రాంతాలను పోల్చడానికి మిసిసిపీ పత్తి కౌంటీ ఒకటి, న్యూయార్క్ వార్డు ఒకటి, శాన్‌ఫ్రాన్సిస్కో పేజీలు కొన్ని తీసుకోండి. ఒక్కోచోట వరుసగా 5 పేజీలు, అంటే 250 వరుసలు, స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. ఎన్యూమరేటర్ రాసిన గుర్తును ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో, మీ అర్థాన్ని పక్క కాలమ్‌లో పెట్టండి. పెద్దల వయసుల్లో 30, 35, 40 అసహజంగా ఎక్కువగా ఉంటే అవి అంచనాగా చెప్పినవే. జవాబిచ్చింది ఇంటివాళ్లా, పొరుగువాళ్లా అన్నది ఈ షీట్లలో నమోదు కాలేదు. అలాంటి పేజీల నుంచి వయసును బట్టి తీసే నిర్ధారణలను పక్కన పెట్టి, రంగు, వృత్తి, పుట్టుక, చదువు కాలమ్‌ల మీదే పని చేయండి.