సర్క్యూట్ డ్రైవింగ్, 4వ పాఠం: స్ట్రెయిట్‌లో పోయిన టైమ్ ఎవరి ఖాతాలోది?

పోయిన పాఠంలో మీ ల్యాప్‌ను మూడు ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత టైమ్ పోతోందో రాసి పంపమన్నాను. అంకెలు చాలామంది శ్రద్ధగానే తీశారు. చిక్కంతా అంకెల కింద రాసిన వాక్యంతో వచ్చింది. "స్ట్రెయిట్‌లో ఫ్రెండ్ కంటే 0.3 సెకను వెనకబడుతున్నాను, అంటే నా ఇంజిన్ వీక్. రీమ్యాప్ చేయించమంటారా?" దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఇదే ప్రశ్న. (రీమ్యాప్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం.) ఇద్దరు ముగ్గురైతే ఎగ్జాస్ట్ ఆర్డర్ పెట్టేసి మరీ రాశారు. అందుకని ఈసారి చెబుదామనుకున్న బ్రేకింగ్‌ను పక్కన పెడుతున్నాను. ఈ ఒక్క సంగతీ తేలకుండా ముందుకు వెళితే మిగతా పాఠాలన్నీ డబ్బు దండగ దారి పడతాయి.

స్ట్రెయిట్‌లో టైమ్ పోయిందంటే, తప్పు స్ట్రెయిట్‌లోనే జరిగిందని కాదు. ఎక్కువసార్లు అది ముందు కార్నర్‌లో జరిగి ఉంటుంది.

లెక్క చూడండి. కార్నర్ దాటాక 200 మీటర్ల స్ట్రెయిట్. రెండూ ఒకే రకం కార్లు, ఒకే ఇంజిన్. సులువు కోసం రెండూ ప్రతి సెకనుకూ 2 మీటర్లు/సెకను (గంటకు 7.2 కి.మీ.) చొప్పున ఒకే తీరున వేగం పుంజుకుంటాయనుకుందాం. మీరు కార్నర్ నుంచి 60 కి.మీ. వేగంతో బయటపడ్డారు, మీ ఫ్రెండ్ 65తో. స్ట్రెయిట్ చివర మీ వేగం సుమారు 118, అతనిది 121. ఆ 200 మీటర్లకు మీకు పట్టింది 8.08 సెకన్లు, అతనికి 7.75. తేడా 0.33 సెకను. ఇంజిన్లలో తేడా లేకపోయినా, స్ట్రెయిట్ సెక్టార్ టైమ్ మాత్రమే చూసేవాళ్లకు అచ్చం ఇంజిన్ తేడాలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఇంజిన్ పవర్ 10 శాతం పెంచారనుకోండి, యాక్సిలరేషనూ అంతే పెరిగిందనుకుందాం. కార్నర్ నుంచి మాత్రం పాత 60తోనే బయటికొచ్చారు. స్ట్రెయిట్‌కు 7.89 సెకన్లు పడుతుంది, అంటే లాభం 0.19 సెకను. కార్నర్ ఎగ్జిట్‌లో 5 కి.మీ. వేగం తెచ్చి ఇచ్చేది అంతకంటే చాలా ఎక్కువ, దానికి పైసా ఖర్చు లేదు.

మరి రెండింటినీ విడదీయడం ఎలా? ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అదే. స్ట్రెయిట్ మొదట్లో ఇద్దరి వేగాల మధ్య తేడా ఎంత, చివర ఎంత అని చూడాలి. పై ఉదాహరణలో మొదట 5 కి.మీ. ఉన్న తేడా చివరికి సగానికి తగ్గింది. కారణం ఉంది. వేగంగా మొదలుపెట్టినవాడు అదే దూరాన్ని తక్కువ సమయంలో దాటేస్తాడు కాబట్టి వేగం పెంచుకోడానికి అతనికి దొరికే సమయమూ తక్కువే. తేడా పోనుపోను తగ్గుతోందంటే అది కార్నర్ లోపం, అంటే డ్రైవర్‌ది. ఇంజిన్ ఉదాహరణలో మొదట తేడా సున్నా, చివర 4 కి.మీ. దాటింది. తేడా పోనుపోను పెరుగుతోందంటే అది కారుది. గాలి నిరోధాన్ని నేను లెక్కలో కలపలేదు. కలిపితే మొదటి రకం తేడా ఇంకా త్వరగా తగ్గుతుంది, కాబట్టి నియమం మారదు.

ఇంజిన్ అనుకుని పొరబడే ఇంకో సంగతి బరువు. కారూ డ్రైవరూ కలిపి 1,000 కిలోలైతే, పక్క సీట్లో 70 కిలోల మనిషి ఎక్కగానే యాక్సిలరేషన్ ఆరున్నర శాతం పడిపోతుంది. వీడియో తీయడానికి తమ్ముణ్ని ఎక్కించుకున్న ల్యాప్‌ను, ఒంటరిగా నడిపిన ఫ్రెండ్ ల్యాప్‌తో పోల్చకండి.

కొలవడం గురించి. ఫోన్ లోపలి జీపీఎస్ చాలావరకు సెకనుకు ఒక్కసారే లెక్క ఇస్తుంది. 100 కి.మీ. వేగంలో ఆ ఒక్క సెకనులో కారు 28 మీటర్లు పోతుంది. మన పనికి అది చాలదు. సెకనుకు 10 సార్లు చదివే విడి జీపీఎస్ ఉంటే మంచిదే కానీ నేను వాడేది అంతకంటే సులువైన దారి. కెమెరాను టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం, చూపే మీటర్) మీదికి తిప్పి, దారీ కనిపించేలా గట్టిగా బిగిస్తాను. గేర్ మారనంతవరకు ఆర్‌పీఎం, వేగం ఒకే నిష్పత్తిలో నడుస్తాయి. 60 దగ్గర 4,000 ఉంటే 65 దగ్గర సుమారు 4,330. ట్రాక్ పక్క బోర్డు ఒకటి గుర్తుపెట్టుకుని, దాన్ని దాటేటప్పుడు ముల్లు ఎక్కడుందో వీడియో ఆపి చూస్తే సరిపోతుంది. స్పీడోమీటర్‌ను నమ్మకండి, అది కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ఎగ్జిట్ వేగం ఎందుకు తగ్గుతుందో మీ వీడియోల్లోనే ఉంది. త్వరగా తిప్పేస్తున్నారు, ఎపెక్స్ (మలుపు లోపలి అంచుకు కారు అతి దగ్గరగా వచ్చే చోటు) త్వరగా వచ్చేస్తోంది, ఆ తర్వాత బయటి అంచు దగ్గరపడి థ్రాటిల్ ఎత్తేస్తున్నారు. థ్రాటిల్ ఒకసారి నొక్కాక మళ్లీ ఎత్తాల్సి వచ్చిందంటే ముందే నొక్కేశారని అర్థం.

ఈ తూకం అన్ని రకాల రేసుల్లో ఒకేలా ఉండదు. కారు వాటా అన్నిటికంటే ఎక్కువ ఉండేది నిలిచిన చోటి నుంచి నేరు దారిలో సాగే 402 మీటర్ల డ్రాగ్ రేసులో. అక్కడ కార్నర్ లేదు, ఎగ్జిట్ వేగమూ లేదు. అయినా 10 శాతం పవర్ పెంచితే 15 సెకన్ల కారు 14.5 దగ్గరికి వస్తుంది, అంతే. టైమ్ తగ్గేది మూడు శాతం. అమెరికాలో మామూలు జనం ఎక్కువగా ఆడే బ్రాకెట్ రేసింగ్‌లో ఆ వాటానూ తీసేశారు. ఎవరి టైమ్ ఎంతో వాళ్లే ముందుగా రాసి ఇస్తారు, నెమ్మది కారు ఆ తేడా మేరకు ముందు బయలుదేరుతుంది, రాసిచ్చిన దానికంటే వేగంగా వెళితే సాధారణంగా ఓడిపోయినట్టే. 18 సెకన్ల పాత కారుతో 11 సెకన్ల కారును ఓడించవచ్చు. గెలిపించేది దీపం చూసి కదిలే చురుకూ, ప్రతిసారీ ఒకే టైమ్ తేగల నిలకడా.

ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య మలుపులే మలుపులు, ఇంజిన్‌కు సాగే చోటు ఉండదు. అక్కడ కారు వాటా అంటే టైర్ వాటా. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో టైర్ పట్టు 1 జీ (అంటే కారు బరువుకు సమానం) అయితే వేగం 50 కి.మీ., పట్టు 10 శాతం పెరిగితే 53. అందుకే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పోటీల్లో స్ట్రీట్ క్లాసులకు ట్రెడ్‌వేర్ (టైర్ ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె, మామూలుగా అది తక్కువైతే పట్టు ఎక్కువ) 200కు తగ్గని టైర్లే అనుమతిస్తారు. కోన్ తగిలితే 2 సెకన్ల పెనాల్టీ. ఆ 2 సెకన్లను తిరిగి తెచ్చే టైర్ ఏ షాపులోనూ దొరకదు.

అద్దె కార్ట్‌లో మాత్రం జాగ్రత్త. 150 కిలోల కార్ట్‌లో 60 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ మొత్తం బరువులో 14 శాతం తేడా. కార్ట్‌కూ కార్ట్‌కూ ఇంజిన్ తేడాలు వేరే. అక్కడిచ్చే ల్యాప్ టైమ్‌ల షీట్ చూసి నిరుత్సాహపడకండి, గర్వపడకండి. పోటీ కార్టింగ్‌లో డ్రైవర్‌తో కలిపి కనీస బరువు పెట్టి, తేలికవాళ్లకు సీసం కట్టేది ఇందుకే.

అందరికీ ఒకే కారు ఇచ్చే సిరీస్‌లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. రేసు కార్ల తయారీదారు కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్ పెట్టి చేసిన చవక సింగిల్ సీటర్లలోనే నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసులు నడిపాడు. 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్లాడు. టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీల్లో నిర్ణయించిన సగటు వేగాన్ని తప్పకుండా పట్టుకోవడమే పోటీ కాబట్టి పవర్ ప్రసక్తే రాదు. అక్కడ పక్కన లెక్కలు వేసే నావిగేటర్ ముఖ్యం.

అభ్యాసం. ఇది ట్రాక్ మీద మాత్రమే చేయాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద చేసి పంపినవి చూడను, అక్కడ ఎదుటివాళ్ల ప్రాణాలున్నాయి. కోయంబత్తూరు కరి ట్రాక్‌కో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో వెళ్లినప్పుడు ఒక ఫ్రెండ్‌ను వెంట తీసుకెళ్లండి. ఒక కార్నర్, దాని తర్వాతి స్ట్రెయిట్ ఎంచుకోండి. స్ట్రెయిట్ మొదట ఒక గుర్తు, చివర బ్రేక్ వేసే చోటికి ముందు ఒక గుర్తు. ఇద్దరు డ్రైవర్లు, రెండు కార్లు, మొత్తం నాలుగు జతలు. ప్రతి జతకూ ఒక వార్మప్ ల్యాప్, ఐదు కొలిచే ల్యాప్‌లు, ఒక చల్లార్చే ల్యాప్. ట్రాక్ వేడెక్కుతూ ఉంటుంది కాబట్టి నాలుగు జతలూ అయ్యాక అదే వరుసను వెనక నుంచి మళ్లీ నడపండి. టైర్ ప్రెషర్ ప్రతిసారీ సరిచూడండి. రెండు గుర్తుల దగ్గరా వేగం చూడండి. ఐదు ల్యాప్‌లలో బెస్ట్ వద్దు, తక్కువ నుంచి ఎక్కువకు పేరిస్తే మధ్యకు వచ్చేది రాయండి.

డ్రైవర్ మారినప్పుడు తేడా అతనితోపాటే రెండో కారులోకి వెళ్లిందా, లేక పాత కారులోనే ఉండిపోయిందా అన్నది పట్టికలో స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు వరుసలూ రెండేసి సార్లు నిండాకే పంపండి. రీమ్యాప్ ప్రశ్న అడగదలచినవాళ్లు ఆ పట్టిక జతచేసి అడగండి, ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తాను.