మధ్యస్థాయి దేశపు దౌత్యాన్ని పద్దు రాసి చదవడం ఎలా

బరంపురంలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు నలుగురైదుగురు కుర్రాళ్లు పోటీ పరీక్షలకు చదువుకుంటుంటారు. ఒకరి చేతిలో తెలుగు పత్రిక, మరొకరి చేతిలో ఒడియా పత్రిక ఉంటుంది. విదేశీ వార్త కనబడిందంటే రెండింటి నుంచీ పుట్టే ప్రశ్న ఒక్కటే: ఈ దేశం అమెరికా పక్షమా, రష్యా పక్షమా, చైనా పక్షమా? భారత్, టర్కీ, వియత్నాం, ఇండోనేషియా, ఖతార్ వంటి మధ్యస్థాయి దేశాల విషయంలో ఈ ప్రశ్న దారి తప్పిస్తుంది, ఎందుకంటే వాటికి ఆయుధాలిచ్చేది ఒకరు, చమురు అమ్మేది మరొకరు, సరుకు కొనేది ఇంకొకరు. అందుకని నేను వాళ్లకు షావుకారు పద్దు పుస్తకం పద్ధతి నేర్పాను.

పొడవాటి పుస్తకం ఒకటి తీసుకుని దేశానికొక పేజీ కేటాయించండి. ఎడమ పక్కన ఆ దేశపు అవసరాలు రాయండి: ఆయుధాలు, ఇంధనం, ఎగుమతులకు మార్కెట్, పెట్టుబడి, సరిహద్దు భద్రత. ప్రతి అవసరానికి ఎదురుగా దాన్ని తీర్చేవారెవరో రాయండి. కుడి అంచున సన్నని గడి ఒకటి ఖాళీగా వదలండి. చెల్లించిన ధర అందులోకి వస్తుంది. నాయకుల ప్రసంగాల జోలికి ఈ పేజీ నిండిన తరువాతే వెళ్లాలి.

ముందు మన దేశంతోనే మొదలుపెట్టండి. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై రష్యా దాడి విషయమై ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో తీర్మానం వచ్చినప్పుడు చైనా, యూఏఈలతో పాటు భారత్ కూడా ఓటింగుకు దూరంగా ఉంది. మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యాను తప్పుపట్టగా, 5 వ్యతిరేకించగా, దూరంగా ఉన్న 35 దేశాలలో మనమూ ఉన్నాం. ఇలాంటి ఓటింగులో ఓటు కంటే, తమ నిర్ణయానికి కారణం చెబుతూ ప్రతినిధి చదివే వివరణ ముఖ్యం. ఆ వివరణలో భారత్ దేశాల సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలని చెప్పింది కానీ రష్యాను పేరుపెట్టి నిందించలేదు. మొదటి మాట చైనాతో మనకున్న సరిహద్దు తగాదా గడిలోకీ, రెండవది రష్యా నుంచి మనం కొనే ఆయుధాల గడిలోకీ వెళ్తాయి.

ఇప్పుడు ధర గడి చూడండి. 2022కు ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతానికి మించేది కాదు. మరుసటి ఏడాదికి అది మూడో వంతు దాటింది. చవకగా దొరికిన ఆ చమురుకు బిల్లు ఆలస్యంగా వచ్చింది: 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా అదనపు సుంకం వేయడంతో మన సరుకుల్లో చాలావాటిపై భారం 50 శాతానికి చేరింది. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికాయే కనుక, ఇటు గంజాం తీరంలోనూ అటు శ్రీకాకుళంలోనూ చెరువులున్నవారికి దౌత్యం ఎంత దూరంలో ఉందో వేరే చెప్పనక్కరలేదు.

రెండో పేజీకి టర్కీని ఎంచుకోండి, ఇంతటి గట్టి పాఠం మరో దేశంలో దొరకదు. 1936 నాటి మాంత్రో ఒప్పందం ప్రకారం నల్ల సముద్రపు జలసంధుల తాళం దాని చేతిలో ఉంది. యుద్ధం రాగానే యుద్ధనౌకలకు ఆ దారి మూసింది, ఉక్రెయిన్‌కు డ్రోన్లు అమ్మింది, అయినా రష్యాపై ఆంక్షల్లో చేరలేదు. ఇద్దరితోనూ మాట్లాడగలిగింది కాబట్టే 2022 జులైలో ఐక్యరాజ్యసమితితో కలిసి ఇస్తాంబుల్‌లో, ఉక్రెయిన్ ధాన్యం నల్ల సముద్రం మీదుగా బయటికి వెళ్లేలా ధాన్యం ఒప్పందం కుదిర్చింది. ఇదంతా లాభమే. కానీ రష్యా నుంచి ఎస్-400 క్షిపణి వ్యవస్థ తెచ్చుకున్నందుకు 2019లో ఎఫ్-35 యుద్ధవిమానాల కార్యక్రమం నుంచి అమెరికా దాన్ని తప్పించింది. ధాన్యం ఒప్పందం నుంచి 2023 జులైలో రష్యా వైదొలగింది. టర్కీ చాకచక్యాన్ని పొగిడే వ్యాసాలు ఈ రెండు పంక్తులనూ తరచూ వదిలేస్తాయి.

పేజీ వెనుక అతిథుల పట్టిక రాయండి. హనోయికి 2023 సెప్టెంబరులో బైడెన్, డిసెంబరులో షీ జిన్‌పింగ్, 2024 జూన్‌లో పుతిన్ వచ్చారు. బైడెన్ రాకతో వియత్నాం అమెరికాకు ‘సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యం’ అనే పై హోదా ఇచ్చింది. చైనా, రష్యాలకు అది ముందే ఉంది. ఇలాంటి బిరుదుల మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి, వచ్చే ఉమ్మడి ప్రకటనతో పోల్చడానికి అవే పనికొస్తాయి.

తరువాత, ఎదుటివారికి తప్పనిసరి అయినది ఈ దేశం దగ్గర ఏముందో వెతకండి. ఇండోనేషియా 2020 జనవరి నుంచి ముడి నికెల్ ఎగుమతి ఆపి, శుద్ధి కర్మాగారాలను తన నేలకు రప్పించుకుంది. ఇక్కడ మావాళ్లు ఛత్రపురం ఇసుక గురించి గర్వంగా చెబుతారు: సముద్రపు ఇసుక నుంచి అరుదైన మూలకాలుండే మోనజైట్ ఖనిజం తీస్తున్నాం, చైనా 2025 ఏప్రిల్‌లో ఏడు అరుదైన మూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినా మనకేం భయమని. నేను అడ్డుపడతాను. మోనజైట్‌లో ప్రధానంగా తేలిక మూలకాలే ఉంటాయి. చైనా బిగించినవి ఎక్కువగా బరువైనవి. పైగా శుద్ధి, అయస్కాంతాల తయారీ చాలావరకు చైనా చేతిలోనే ఉన్నాయి. ఇసుక ఉన్నంత మాత్రాన పద్దులో ‘బలం’ అని రాయకండి.

ఇద్దరి నుంచీ మేలు పొందడమంటే ఏమిటో మన ప్రాంతంవారికి కొటియా పల్లెలే చెబుతాయి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవేనంటున్న ఆ కొండ పల్లెల్లో చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. కాని తగాదాలో ఇద్దరికీ పంతం ఉన్నంతకాలమే ఆ కార్డులకు బలం. ఖతార్ సంగతీ ఇంతే. అమెరికాకు పశ్చిమాసియాలోకెల్లా పెద్ద సైనిక స్థావరం అల్ ఉదీద్‌లో ఇచ్చింది. తాలిబన్లకు 2013లో దోహాలో కార్యాలయమూ ఇచ్చింది. 2020లో వాళ్లిద్దరి ఒప్పందానికి వేదికైంది. అయినా 2025 జూన్‌లో ఆ స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది, సెప్టెంబరు 9న దోహాపై ఇజ్రాయెల్ దాడి చేసింది.

అందువల్ల పేజీలన్నీ పెన్సిల్‌తోనే రాయండి, మార్చిన ప్రతిసారీ పక్కన తేదీ వేయండి. ఖతార్ పేజీలో ‘భద్రత’ ఎదుట ఉన్న పంక్తిని మా కుర్రాళ్లు ఒక్క 2025లోనే రెండుసార్లు చెరిపి రాశారు. కాగితం అక్కడ పలచబడిపోయింది.